మామగారి ప్లేయర్‌లో నా నీలం దీపం

మా పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో నేనేం చేసినా బాగుండేది. తుమ్మినా బాగుండేది. భోజనాల దగ్గర ఏ పాత జోకో చెబితే మా అత్తగారు వంటింట్లోంచి ఇవతలికి వచ్చి మరీ నవ్వి వెళ్ళేవారు. గోదావరి జిల్లాల వాళ్ళకి వెటకారం పుట్టుకతోనే వస్తుందంటారు. అదే మనిషిని కొత్త అల్లుడి ముందు కూర్చోబెట్టండి, నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టే మాట్లాడతాడు. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనకో సామెత ఉంది. పెద్దలు కూడా చదువుతారు కనుక పూర్తిగా రాయను. మా ఇంట్లో ఆ సామెత ఒక డిస్క్ ప్లేయర్ విషయంలో రుజువైంది.

నేను రాజమండ్రిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసేవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే కనిపిస్తున్న రోజులు. మామగారిది రావులపాలెం, అరటి మార్కెట్లో కమిషన్ వ్యాపారం. తెల్లారేసరికి మార్కెట్లో ఉండేవారు. గెలల బేరాలన్నీ అయ్యాక మధ్యాహ్నానికి ఇల్లు చేరి, స్నానం చేసి, భోంచేసి, ఒక గంట వయొలిన్ వినేవారు. ఆ గంటసేపు ఇంట్లో మిక్సీ కూడా తిరిగేది కాదు.

హాల్లో గోడకి ఆ చివర ఒక స్పీకరు, ఈ చివర ఒక స్పీకరు ఉండేవి. రెంటికీ మధ్యలో ఇనప బీరువా. బీరువాకి సరిగ్గా ఎదురుగా ఆయన పడక కుర్చీ. చిన్నతనంలో ఆయన రెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్నారట. ఇంతలో వాళ్ళ నాన్నగారు పోయారు. పన్నెండేళ్ళ పిల్లాడు వయొలిన్ పెట్టె మూసి మార్కెట్‌కి వచ్చేశాడు. మళ్ళీ ఆ పెట్టె తెరవలేదు. ఈ సంగతి మా ఆవిడ చెబితే తెలిసింది గానీ, ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. ఆయన దగ్గరున్న డిస్కులన్నీ పాత కచేరీలవే, ఎప్పుడో రికార్డు చేసినవాటిని తర్వాత డిస్కుల మీదకి ఎక్కించినవి. రోజుకి ఇరవైమూడు గంటలు ఆయన ఊరందరి మనిషి. ఆ ఒక్క గంటా తన మనిషి.

నాకేమో చేతులు ఊరుకోవు. ఇంట్లో ఫ్యాను బాగా తిరుగుతున్నా ఇంకా బాగా తిరగొచ్చు కదా అని విప్పే రకం. అప్పట్లో నేను తెప్పించుకునే ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో డిస్క్ ప్లేయర్ల గురించి ఒక వ్యాసం వచ్చింది. డిస్కు మీద ఉండేది పాట కాదు, అంకెలు. వాటిని ఒక చిప్పు శబ్దంగా మారుస్తుంది. ఆ శబ్దం ఆంప్లిఫయర్‌కి వెళ్ళేముందు ఆఖర్న ఒక చిన్న సర్క్యూట్ దాటాలి. దాన్ని అవుట్‌పుట్ స్టేజ్ అంటారు. తయారీదారులు డబ్బా పైన మెరిపించి, ఈ ఆఖరి మెట్టు దగ్గర చవకరకం సామాను వేసేస్తారని వ్యాసం సారాంశం. వంట ఎంత కుదిరినా వడ్డించే గరిటె జిడ్డుగా ఉంటే ఏం లాభం? గరిటె మారిస్తే చాలు. ఆ వ్యాసం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి చదివేటప్పటికి నా కళ్ళముందు మామగారి ప్లేయర్ కదలాడింది.

"మామయ్యగారూ, మీ ప్లేయర్ ఓసారి నాకిస్తారా? సౌండ్ ఇంకా బాగా వచ్చేట్టు చేసి తెస్తాను" అన్నాను ఒక ఆదివారం.

ఆయన ఒక్క క్షణం ప్లేయర్ వైపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, "దానికేంటండి, పట్టుకెళ్ళండి. అది మీది కాదా ఏంటి" అన్నారు. ఆ ఒక్క క్షణాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే, పసిపిల్లని కొత్త టీచరుకి అప్పగించేటప్పుడు తల్లి చూసే చూపు అది.

కావలసిన సామాను మద్రాసు నుంచి పోస్టులో తెప్పించాను. మూడు ఆదివారాలు కూర్చున్నాను. ఆ ఆఖరి మెట్టులోని పాత ఐసీ, పాత కెపాసిటర్లు పీకేసి, చేత్తో చేసిన కొత్త బోర్డు బిగించాను. చిప్పు నుంచి ఎడమవైపు శబ్దానికి రెండు తీగలు, కుడివైపు శబ్దానికి రెండు తీగలు వస్తాయి. నాలుగూ నా బోర్డుకి కలిపాను. మాది రెండు గదుల అద్దె వాటా. నా బల్ల మీద ఉన్నది పాత రేడియోలోంచి ఊడదీసిన ఒకే ఒక్క స్పీకరు. దానికి ఎడమవైపు తగిలించి విన్నాను. అద్భుతం. అది తీసేసి కుడివైపు తగిలించి విన్నాను. అదీ అద్భుతమే. ఆ ఊపులో ముందు భాగంలో ఉన్న ఆకుపచ్చ లైటు తీసేసి, అప్పుడే కొత్తగా వచ్చిన నీలం లైటు పెట్టాను.

"దీపం మారిస్తే కూడా సౌండ్ బాగుంటుందాండీ?" అంది మా ఆవిడ.

"అది అందానికి" అన్నాను, కొంచెం చిరాగ్గానే.

రావులపాలెం తీసుకెళ్ళి హాల్లో దాని స్టాండు మీద పెట్టి డిస్కు వేశాను. శబ్దం స్పీకర్లని వదిలేసి గదంతా పరుచుకుంది. ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేనట్టుగా ఉంది. మంచి అవుట్‌పుట్ స్టేజ్ పెడితే సరిగ్గా ఇలాగే ఉంటుందని పత్రికలో రాశారు. గర్వంగా మామగారి వైపు చూశాను.

"బ్రహ్మాండమండి" అన్నారాయన. "అసలు ఇలా ఉంటుందని అనుకోలేదండి."

"గుళ్ళో కూర్చున్నట్టుంది బాబూ" అన్నారు అత్తగారు. ఆ రోజు భోజనంలో ఎప్పటిలాగే నాకోసం ఆవ పెట్టిన కంద బచ్చలి కూర చేశారు. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అది తిని నేను బ్రహ్మాండం అన్నాను. అప్పటినుంచి నేను వెళ్ళిన ప్రతిసారీ అదే కూర, మారు వడ్డన కూడా.

ఆ తర్వాత పదిపదిహేను రోజులకోసారి ఆదివారాలు వెళ్తూనే ఉన్నాం. వెళ్ళగానే స్టాండు మీద నీలం దీపం వెలుగుతూ ఉండేది. మామగారు పడక కుర్చీలో కూర్చుని, డిస్కు వేయించుకుని, తల ఊపుతూ వినేవారు. బయల్దేరే ముందు మా ఆవిడ ప్రతిసారీ కింద కిళ్ళీకొట్టు నుంచి ఫోన్ చేసేది, మేం వస్తున్నామని. మేం వెళ్ళేసరికి వంట సిద్ధంగా ఉండాలని చేస్తోందనుకున్నాను. పెళ్ళాం ఎంత ముందుచూపు గల మనిషో అని లోపల మెచ్చుకునేవాణ్ణి కూడా.

మరుసటి వేసవిలో రావులపాలెం దగ్గర రోడ్డు తవ్వుతుంటే మా కేబుల్ తెగింది. ఒక బుధవారం నన్నూ పంపించారు. పని మధ్యాహ్నానికి అయిపోయింది. ఇంతదూరం వచ్చి అత్తవారింటికి వెళ్ళకపోతే బాగుండదని నడుచుకుంటూ వెళ్ళాను. గేటు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. లోపల్నుంచి వయొలిన్ వినిపిస్తోంది. నిండుగా, తీయగా, ఎవరో లోపల కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. ఎంత బాగా చేశానురా అని నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంతోనే చెప్పులు విప్పి లోపలికి అడుగుపెట్టాను.

స్టాండు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

అత్తగారు గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. "అయ్యో, ఫోన్ చెయ్యలేదేంటి బాబూ!" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైంది. మిగతా సగం కొట్టుగదిలో బియ్యం డబ్బా మీద దొరికింది. నేను చేసిన ప్లేయర్ అక్కడుంది. దుమ్ము పట్టకుండా పాత పట్టుచీర ముక్కలో శ్రద్ధగా చుట్టి పెట్టారు. హాల్లో ఉన్నది సరిగ్గా అదే రకం, కొత్తగా కొన్నది, ఎవరి చెయ్యీ పడనిది. మేం వస్తున్నామని ఫోన్ రాగానే కొత్తది కొట్టుగదిలోకి, నాది హాల్లోకి.

నా కోపం సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెబితే పరువు పోతుంది. "ఏడాదిపాటు నన్ను వెర్రివాణ్ణి చేశారండి. తల ఊపడం కూడా నటనేనా? నేను ఈ ఇంటికి పరాయివాణ్ణని మొదటే చెప్పుంటే సరిపోయేది" అన్నాను. ఇంకా ఏవో అన్నాను. గుర్తున్నాయి గానీ రాయను. మామగారు కుర్చీలోంచి లేచి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడ్డారు. "తప్పయిపోయిందండి" అన్నారు. నా తండ్రి వయసు మనిషి. అయినా నేను ఆగలేదు. నా ప్లేయర్ని పట్టుచీర ముక్కతో సహా చంకన పెట్టుకుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బయటికి నడిచాను. అల్లుడు మంచినీళ్ళు ముట్టకుండా గుమ్మం దిగడమంటే మా వైపు చిన్న సంగతి కాదు. వెనక అత్తగారు ఏడుస్తున్నట్టు వినపడింది.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ మీద పడ్డాను. ఆవిడ కాసేపు విని, బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"అవును, కొత్తది కొన్నప్పుడు నేనూ ఉన్నాను. ఈ ఊళ్ళోనే కొన్నాం, మీరు డ్యూటీకెళ్ళినప్పుడు. ఇంటికి రండి నాన్నగారూ అంటే, అల్లుడుగారు చూస్తే బాధపడతారమ్మా అని బస్టాండు నుంచే వెళ్ళిపోయారు."

"బాగాలేదని ఒక్క ముక్క నాతో అంటే సరిపోయేది కదా!"

"ఎలా అంటారండి? మీరు మూడు ఆదివారాలు కూర్చుని చేసి పట్టుకెళ్ళారు. అల్లుడు చేసినదానికి వంక పెడితే నా కాపురానికి ఏమవుతుందోనని ఆయన భయం." ఆవిడ చాటని ఇంకొంచెం అవతలికి జరిపింది. "కొత్తది కొనేముందు రెండు నెలలు, మనం వెళ్ళిన ఆదివారాలు తప్ప, ఆయన అసలు వినలేదు, తెలుసా? భోంచేసి, ఆ కుర్చీలో ఊరికే కూర్చునేవారట. అమ్మ చూడలేక నాకు చెప్పింది."

ఆ మాటతో నా కోపం చల్లారిపోయింది. దాని చోట్లో సిగ్గు వచ్చి కూర్చుంది. పన్నెండో ఏట ఒకసారి ఆయన దగ్గర్నుంచి వయొలిన్ పోయింది. యాభై దాటాక రెండోసారి నా చేతిమీదుగా పోయింది. రెండుసార్లూ ఆయన కిక్కురుమనలేదు. ఒక మనిషికి ఉన్న ఒక్క గంటని పాడుచేసి, పైగా అది బాగుందని ఆయన చేతే అనిపించుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ప్లేయర్ విప్పి మళ్ళీ చూశాను. నా బల్ల మీది స్పీకరుకి ఎడమవైపు తగిలించాను, బాగుంది. కుడివైపు తగిలించాను, బాగుంది. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నా తప్పు దొరకలేదు. తప్పేంటో తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయనేమో చెప్పరు.

శనివారం సెలవు పెట్టి, ప్లేయర్‌నీ సోల్డరింగ్ ఐరన్‌నీ సంచిలో వేసుకుని తొలి బస్సెక్కాను. ఇంటికి వెళ్ళలేదు. నేరుగా మార్కెట్‌కి వెళ్ళాను. లారీల మధ్య, సైకిళ్ళకి కట్టిన గెలల మధ్య మామగారు ఒక రైతు ముందు నిలబడి ఉన్నారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"ఇది గెలేనా? చీపురుకట్ట తెచ్చి కర్పూర అరటి అంటావేంటి? నేను కళ్ళు మూసుకుని ఉన్నాననుకున్నావా?"

ఆ రైతుకి కోపం రాలేదు. నవ్వుకుంటూ గెలని పక్కకి జరిపి, "ఈసారి మంచివి తెస్తాలెండి" అని బీడీ వెలిగించుకున్నాడు. ఆ రైతు మీద నాకు అసూయ కలిగింది. నిజంగా చెబుతున్నాను.

నన్ను చూడగానే మామగారి గొంతు మారిపోయింది. "అల్లుడుగారా! ఇక్కడికొచ్చారేంటండి, పదండి పదండి ఇంటికెళ్దాం."

"ముందు క్షమించండి. మొన్న నేనలా మాట్లాడి ఉండకూడదు."

"అయ్యో, అదేం లేదండి."

"ఇంటికొస్తే మీరు నిజం చెప్పరండి. ఇక్కడే చెప్పండి. నేను చేసినదాంట్లో ఏం బాగాలేదు?"

"అబ్బే, బాగానే..."

"మామయ్యగారూ, నాకు కంద బచ్చలి కూర పడదండి."

ఆయన నోరు తెరిచి నావైపు చూశారు.

"మొదటిరోజే గొంతు దురదేసింది. అత్తయ్యగారు బాధపడతారని బ్రహ్మాండం అన్నాను. ఏడాదిన్నరగా మారు వడ్డించుకుని మరీ తింటున్నాను."

"ఏడాదిన్నరా!" అన్నారాయన. "మీరొస్తున్నారంటే మంచి కందకోసం ఊరంతా తిరిగేవాణ్ణి కదండి!" అని నవ్వడం మొదలుపెట్టారు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనున్న రైతు ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వు తగ్గాక మామగారు ఎండుటాకుల కట్ట మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నారు.

"అయితే వినండి. మీరు పట్టుకెళ్ళకముందు ఆ వాయించే ఆయన బీరువా దగ్గర, నడిమధ్యన కూర్చునేవాడండి. చేతిలో కమాను పైకెళ్తోందో కిందకొస్తోందో కూడా నాకు తెలిసేది. మీరు చేసి తెచ్చాక శబ్దం శుభ్రంగానే ఉంది, కాదనను. కానీ ఆ మనిషి లేచి వెళ్ళిపోయాడండి. గదంతా వెతుక్కున్నాను. ఎక్కడా లేడు."

నడిమధ్యన లేడు. ఆ మాట వినగానే నాకు నాలుగు తీగలూ కళ్ళముందు కనిపించాయి. ఒకవైపు తీగల జతని తిరగేసి కలిపాను. ఎడమ స్పీకరు ముందుకి తోస్తున్నప్పుడు కుడి స్పీకరు వెనక్కి లాగుతోంది. దేనికది విడిగా వింటే తప్పు తెలియదు. రెండూ కలిసి మోగితే మాత్రం మధ్యలో ఉండాల్సింది మాయమైపోతుంది. నేను ఎప్పుడూ విడివిడిగానే విన్నాను. కలిపి విన్న మొదటిరోజు నా చెవులు వయొలిన్‌ని కాదు, పొగడ్తని వింటున్నాయి.

మధ్యాహ్నం వాళ్ళ హాల్లోనే కింద చాప పరుచుకుని, ఐరన్ వేడిచేసి, రెండు తీగలు అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. ఐదు నిమిషాల పని. అత్తగారు నా ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి, నేను తాగేదాకా అక్కడే నిలబడ్డారు. పూర్తిగా తాగాను. మామగారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నీలం దీపం వెలిగింది. డిస్కు వేశాను.

వయొలిన్ మొదలైంది. తర్వాత కళ్ళు తెరవకుండానే, "వచ్చాడు" అన్నారు. ఇంకాసేపటికి, "కూర్చున్నాడు" అన్నారు.

నా గుండె కుదుటపడింది. సామాను సర్దుకోబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"పైస్థాయికి వెళ్ళినప్పుడు కమాను కాస్త గీరుతోందండి. కొత్తదాంట్లో అలా లేదు. ఇది బాగాలేదు."

ఆ ఇంట్లో నేను విన్న మొదటి 'బాగాలేదు' అది. సంతోషంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటండీ ఆ మాటలు, అల్లుడుగారితో!" అన్నారు అత్తగారు వంటింట్లోంచి కంగారుగా.

"నువ్వుండవే. ఆయనకి కంద బచ్చలి పడదట. అది తెలుసా నీకు?"

వంటింట్లో ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే మామగారు ఆకుపచ్చ దీపం ప్లేయర్‌ని అట్టపెట్టెలో పెట్టి తెచ్చి నా చేతికిచ్చారు. "ఇదీ పట్టుకెళ్ళండి. ఈ రెంటికీ తేడా ఏంటో దగ్గర పెట్టుకుని చూడండి. కావాలంటే దీన్నీ విప్పండి."

"మరి మీరు వినడానికి?"

"నీలం దీపం ఉంది కదండి. ఆ గీరుడు సంగతి తేలేదాకా దాంతోనే వింటాను."

జొన్నాడ దగ్గర గోదావరి వంతెన మీద బస్సు వెళ్తుంటే ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెడిపోతుందేమోనన్న భయం లేకుండా తన ప్లేయర్ని నా చేతికివ్వడం ఆయనకి అదే మొదటిసారి.

ఆ గీరుడు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. నా బోర్డులోని కొత్త ఐసీకి ఆనుకుని ఉండాల్సిన చిన్న కెపాసిటర్‌ని నేను దూరంగా పెట్టాను. అది తెలిసేదాకా ఏవేవో మార్చాను. ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి, ప్రతి ఆదివారం ఆయన బాగాలేదనేవారు. ఒకసారి "పోయినవారమే నయమండి" అన్నారు. అత్తగారు కూడా నేర్చుకున్నారు. ఒకరోజు నా కొత్త చొక్కా చూసి, "ఈ రంగు మీకు నప్పలేదు బాబూ" అనేసి, తనే నాలిక్కరుచుకున్నారు. భోజనంలో దొండకాయ వేపుడు వడ్డించారు. నాకది నిజంగానే ఇష్టం.

ఐదో నెలలో ఒక ఆదివారం, చిన్న కెపాసిటర్ని దాని చోట్లో అతికించి డిస్కు వేశాను. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద, లేని కమానుతో పాటు మెల్లగా కదులుతోంది. డిస్కు చివరిదాకా ఒక్క మాట కూడా అనలేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆఖరి స్వరం ఆగిపోయింది.

తర్వాత కళ్ళు తెరవకుండానే, "ఇంకోటి పెట్టండి" అన్నారు.